కంప్యూటర్‌ని సౌండ్ పరికరాలకు కలపడం: పిన్ను పట్టినంత మాత్రాన సరిపోదు

(రికార్డింగు విని రాసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్ళకి వినపడుతోందాండీ? సరే, మొదలుపెడదాం.

యాంప్లిఫయరు, మిక్సరు, మైకు, గిటారు, పాత టేప్ డెక్కు, రికార్డు ప్లేయరు, టీవీ... వీటిలో దేన్నైనా కంప్యూటర్‌కి కలపాల్సి వస్తే ముందు మనం ఏం చూస్తాం? పిన్ను చూస్తాం. ఈ పిన్ను ఆ సాకెట్‌లో పడుతుందా లేదా అని చూస్తాం. పడకపోతే ఓ కన్వర్టర్ పిన్ను తెచ్చి పడేలా చేస్తాం. పట్టింది కదా, ఇంక పాట రావాలి అనుకుంటాం. సగం ఇబ్బందులు ఇక్కడే పుడతాయి. చూడండి, 3.5 మిల్లీమీటర్ల సాకెట్ ఒకటే. అది హెడ్‌ఫోన్‌ది కావచ్చు, మైకుది కావచ్చు, లైన్ ఇన్ (బయటి పరికరాల నుంచి పాట లోపలికి తీసుకునేది) కావచ్చు. కొన్ని యంత్రాల్లో అదే రంధ్రంలోంచి ఆప్టికల్ వెలుతురు కూడా వస్తుంది. పైకి అన్నీ ఒకేలా ఉంటాయి. లోపల వచ్చే వోల్టేజీ ఎంత, అది ఎటునుంచి ఎటు పోతోంది అన్నది పిన్ను ఆకారం చెప్పదు. మనమే తెలుసుకోవాలి.

అందుకని ముందు సిగ్నల్ బలం గురించి చెప్తాను. రాసుకునేవాళ్ళు ఈ అంకెలు రాసుకోండి, తక్కినదంతా వీటి మీదే నడుస్తుంది.

అన్నిటికంటే బలహీనమైనది రికార్డు ప్లేయరు నుంచి వచ్చేది. మామూలు మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జి, అంటే సూది ఉండే భాగం, ఇచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులు. మూవింగ్ కాయిల్ రకమైతే అందులో పదో వంతు కూడా ఉండకపోవచ్చు. డైనమిక్ మైకు కూడా ఇంచుమించు ఈ వరసే, కొన్ని మిల్లీవోల్టులు. ఆ పైన లైన్ లెవెల్. ఇళ్ళలో వాడే టేప్ డెక్కులు, సీడీ ప్లేయర్ల కోసం పెట్టుకున్న లెక్క మైనస్ 10 డీబీవీ, అంటే 0.316 వోల్టు. స్టూడియో, స్టేజీ పరికరాల లెక్క ప్లస్ 4 డీబీయూ, అంటే 1.228 వోల్టులు. ఈ రెండిటికీ మధ్య తేడా, సిగ్నల్ బలం కొలిచే డెసిబెళ్ళ లెక్కలో, దాదాపు 12 డెసిబెళ్ళు. ఇక అన్నిటికంటే పైన స్పీకరు వైర్ల మీదికి వచ్చేది. 8 ఓముల స్పీకర్‌కి 50 వాట్లు ఇస్తున్న యాంప్లిఫయరు అంచుల దగ్గర ఎంత ఉంటుందో తెలుసా? 20 వోల్టులు.

గమనించారా? కిందేమో మిల్లీవోల్టులు, పైనేమో 20 వోల్టులు. వేల రెట్ల తేడా. అందుకే యాంప్లిఫయరు వెనక స్పీకర్లకి వెళ్ళే రెండు స్క్రూల నుంచి వైరు తీసి కంప్యూటరు ఇన్‌పుట్‌లో ఎప్పుడూ, ఎప్పుడూ పెట్టకండి. సౌండ్ కార్డు కాలిపోవచ్చు. యాంప్లిఫయరు బ్రిడ్జి రకమైతే ఆ రెండు స్క్రూలలో ఏదీ గ్రౌండు కాదు. మనం గ్రౌండు అనుకుని షీల్డుకి, అంటే ఆడియో వైరు చుట్టూ ఉండే లోహపు అల్లికకి, కలిపేసరికి యాంప్లిఫయరు అవుట్‌పుటే షార్టవుతుంది. యాంప్లిఫయరు నుంచి రికార్డు చేసుకోవాలంటే వెనక టేప్ అవుట్ అనో, రెక్ అవుట్ అనో రాసి ఉన్న ఆర్‌సీఏ సాకెట్లు (ఎరుపు, తెలుపు గుండ్రటివి) ఉంటాయి, అవి వాడండి.

డెస్క్‌టాప్ వెనక రంగులు మీకు తెలిసే ఉంటాయి. ఆకుపచ్చ లైన్ అవుట్, నీలం లైన్ ఇన్, గులాబీ మైకు. టేప్ డెక్కు అయినా మిక్సరు అవుట్‌పుట్ అయినా వెళ్ళాల్సింది నీలంలోకి. గులాబీలో పెట్టకూడదా? పెడితే శబ్దం వస్తుంది, కాకపోతే పగిలిపోయి వస్తుంది. మైకు సాకెట్ వెనక మిల్లీవోల్టుల కోసం చేసిన ప్రీయాంపు, అంటే బలహీనమైన సిగ్నల్‌ని పెంచే సర్క్యూట్, ఉంటుంది. దాని మీద మూడో వంతు వోల్టు పడేస్తే అది అక్కడే నిండిపోతుంది. ఆ తర్వాత రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో స్లైడరు కిందికి దించినా లాభం ఉండదు, పగిలిన శబ్దమే కాస్త చిన్నదై వినిపిస్తుంది, అంతే. పైగా ఆ సాకెట్‌లోంచి చిన్న కండెన్సర్ మైకుల కోసం రెండు మూడు వోల్టుల డీసీ కూడా బయటికి వస్తూ ఉంటుంది. ఎక్కువ భాగం మైకు సాకెట్లు మోనో అన్నది ఇంకో సంగతి. స్టీరియో టేపు పెట్టి మోనో రికార్డింగు చేసుకున్నవాళ్ళు చాలామందే ఉంటారు.

మరి ల్యాప్‌టాప్ సంగతేమిటి? ల్యాప్‌టాప్‌కి ఈ మధ్య ఒక్కటే సాకెట్ ఉంటోంది, అందులో లైన్ ఇన్ లేదు. ఆ సాకెట్ నాలుగు భాగాల పిన్ను కోసం చేసింది. కొస ఎడమ ఛానెల్, తర్వాతి రింగు కుడి, ఆ తర్వాత గ్రౌండు, మొదట్లో ఉన్నది మైకు. దీన్ని సీటీఐఏ వరస అంటారు. ఓఎంటీపీ అనే పాత వరసలో చివరి రెండూ తారుమారుగా ఉంటాయి. అందువల్లే కొన్ని పాత హెడ్‌సెట్లు పెడితే మైకు పనిచేయదు, పాటలో గొంతు మాయమై వెనక వాయిద్యాలు మాత్రం గుహలోంచి వచ్చినట్టు వినిపిస్తాయి. ల్యాప్‌టాప్‌లోకి టేపు ఎక్కించాలంటే సాకెట్‌తో కుస్తీ పట్టొద్దు. లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు తీసుకోండి. కొనేటప్పుడు దాని మీద లైన్ ఇన్ అని స్పష్టంగా ఉందో లేదో చూడండి, చవక రకాల్లో హెడ్‌ఫోన్, మైకు మాత్రమే ఉంటాయి.

గొంతు మాయం అన్నాను కదా, దాని దగ్గర కాసేపు ఆగుదాం. హాల్లో కంప్యూటర్‌ని మిక్సర్‌కి కలిపేవాళ్ళకి ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. కంప్యూటరు హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి ఒక చివర 3.5 మిల్లీమీటర్ల స్టీరియో పిన్ను, రెండో చివర ఎక్స్‌ఎల్‌ఆర్ (మైకు వైర్లకి ఉండే మూడు పిన్నుల గుండ్రటిది) లేదా పెద్ద 6.35 మిల్లీమీటర్ల మూడు భాగాల పిన్ను ఉన్న వైరు తెచ్చి మిక్సరు ఛానెల్‌లో పెడతారు. మూడు తీగలకి మూడు తీగలు సరిపోయాయి, పిన్ను చక్కగా పట్టింది. కానీ పాట వస్తుంటే పాడేవాళ్ళ గొంతు లేదు! ఎందుకని?

మిక్సరు ఛానెల్ ఇన్‌పుట్ బ్యాలెన్స్‌డ్ రకం. ఎక్స్‌ఎల్‌ఆర్‌లో 1వ పిన్ను గ్రౌండు, 2వది సిగ్నలు, 3వది అదే సిగ్నలు తిరగేసి. మిక్సరు చేసేదేమిటి? 2లోంచి 3ని తీసేస్తుంది. దారిలో రెండు తీగల్లోకీ సమానంగా దూరిన రొద ఆ తీసివేతలో పోతుంది. చాలా మంచి పద్ధతి. ఇప్పుడు మీరు 2 మీద ఎడమ ఛానెల్, 3 మీద కుడి ఛానెల్ పెట్టారు. మిక్సరు ఎడమలోంచి కుడిని తీసేసింది. పాటల్లో గొంతు సాధారణంగా రెండు ఛానెళ్ళలోనూ సమానంగా ఉంటుంది, కాబట్టి అది సున్నా అయింది. మాటలున్న వీడియో అయితే పూర్తిగా నిశ్శబ్దం. మిక్సరు తన పని తాను సరిగ్గానే చేసింది, వైరే తప్పు.

సరైన వైరు ఏది? ఒక చివర స్టీరియో 3.5, రెండో చివర రెండు మోనో 6.35 పిన్నులు, అంటే రెండు భాగాలే ఉన్న పిన్నులు. వాటిని మిక్సర్‌లో రెండు లైన్ ఇన్‌పుట్లలోకి పెట్టి, ఒకటి పూర్తిగా ఎడమకి, ఇంకోటి కుడికి తిప్పండి. స్టీరియో ఛానెల్ ఉంటే ఇంకా సులువు. ఒకే ఛానెల్ ఖాళీగా ఉందనుకోండి, అప్పుడు రెండిటినీ ఒకటి చేయాలి. ఊరికే వై ఆకారపు పిన్నుతో కలిపేస్తే ఎడమ అవుట్‌పుట్ కుడి అవుట్‌పుట్‌ని తోస్తూ ఉంటుంది, అది వాటికి మంచిది కాదు. ఒక్కో ఛానెల్ తీగలోనూ 1 కిలో ఓము రెసిస్టరు పెట్టి ఆ తర్వాత కలపండి. వైరు చేసుకోవడం వచ్చినవాళ్ళకి పది నిమిషాల పని.

ఎంత వాల్యూమ్ పెట్టాలి అన్నది కూడా చెప్పుకుందాం. కంప్యూటర్లో ఇరవై శాతం పెట్టి మిక్సర్‌లో గెయిను, అంటే లోపలికి వచ్చే సిగ్నల్‌ని పెంచే బటను, పూర్తిగా పెంచేవాళ్ళున్నారు. అలా చేస్తే కంప్యూటరు అవుట్‌పుట్ దగ్గర ఎప్పుడూ ఉండే సన్నటి బుస కూడా పాటతో పాటు పెరుగుతుంది. కంప్యూటర్‌ని, అందులో పాట వినిపించే ప్రోగ్రామునీ, రెండిటినీ పూర్తి దగ్గరికి తీసుకెళ్ళండి. మిక్సర్‌లో గెయినుతో సర్దండి. కొన్ని యంత్రాలు చివరి మెట్టులో కాస్త పగులుతాయి, అలాంటప్పుడు ఒకటి రెండు మెట్లు దించితే చాలు. వెలిగించేటప్పుడు కంప్యూటరు ముందు, పవర్ యాంపు ఆఖరున. ఆపేటప్పుడు పవర్ యాంపు ముందు. ఈ వరస తప్పితే కంప్యూటర్లో పుట్టే ఠప్పుమనే దెబ్బ నేరుగా స్పీకర్ల మీద పడుతుంది.

గుయ్‌మనే శబ్దం

ఇప్పుడు అందరినీ వేధించేది, హమ్. ల్యాప్‌టాప్ కలపగానే స్పీకర్లలో గుయ్ అని మొదలవుతుంది. లేదా మౌస్ కదిపినప్పుడల్లా సన్నగా కీచుమంటుంది. వైరు మారుస్తారు, పిన్ను తిప్పుతారు, సాకెట్ మారుస్తారు. పోదు. మొదట ఒక్క పరీక్ష చేయండి: ల్యాప్‌టాప్ ఛార్జరు పీకేయండి. బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు శబ్దం పోయిందా? పోతే తప్పు వైరులో లేదు, గ్రౌండులో ఉంది.

ఎలా అంటారా? ఛార్జరుకి ఎర్త్ ఉంది, మిక్సర్‌కో యాంప్లిఫయర్‌కో ఎర్త్ ఉంది. రెండూ గోడలో ఎక్కడో ఒకచోట కలుస్తాయి. ఇప్పుడు మీ ఆడియో వైరు షీల్డు రెండిటినీ మళ్ళీ ఇంకోచోట కలిపింది. దాంతో ఓ పెద్ద చుట్టు తయారైంది. చుట్టుపక్కల కరెంటు తీగల అయస్కాంత క్షేత్రం ఆ చుట్టులో సన్నటి కరెంటు పారిస్తుంది. అది షీల్డు గుండా పోతుంది. షీల్డుకి కొంత రెసిస్టెన్సు ఉంటుంది కాబట్టి అక్కడ కొద్దిపాటి వోల్టేజీ పుడుతుంది. అన్‌బ్యాలెన్స్‌డ్ వైరులో సిగ్నలుకి తిరుగు దారి ఆ షీల్డే కదా? కాబట్టి ఆ వోల్టేజీ పాటలో కలిసిపోతుంది. మెయిన్స్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ అయితే 50, 100, 150 దగ్గర వినిపిస్తుంది. మౌస్ కదిపితే వచ్చే కీచు కూడా ఈ దారినే వచ్చేది, కాకపోతే దాని పుట్టుక కంప్యూటరు లోపలి స్విచింగు కరెంట్లు.

ఏం చేయాలి? ముందు ఖర్చు లేని పని. కంప్యూటరు, మిక్సరు రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెట్టండి, ఆడియో వైరుని కరెంటు వైర్లకి దూరంగా లాగండి. దీంతో తగ్గకపోతే మధ్యలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టండి. ఒకటికి ఒకటి చుట్లున్న ఆడియో ట్రాన్స్‌ఫార్మరు, గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ పేరుతో దొరుకుతుంది. మరీ చిన్న కోరు ఉన్నది కొంటే హమ్ పోతుంది కానీ దాంతో పాటే లోతైన బేసు పలచబడుతుంది, ఆ సంగతి తెలిసి కొనండి. దూరం ఐదారు మీటర్లు దాటితే మాత్రం స్టీరియో డీఐ బాక్సు, అంటే సిగ్నల్‌ని మిక్సరు మైకు ఇన్‌పుట్‌కి తగ్గట్టు మార్చే చిన్న పెట్టె, తీసుకోవడం మేలు. అందులో ట్రాన్స్‌ఫార్మరు ఉన్న రకం హమ్‌నీ ఆపుతుంది, సిగ్నల్‌ని బ్యాలెన్స్‌డ్‌గా మార్చి మిక్సర్‌కి పంపుతుంది కాబట్టి దారిలో రొద పట్టదు. డీఐ నుంచి వచ్చేది మైకు లెవెల్ అని మాత్రం గుర్తుంచుకోండి, దాన్ని మైకు ఇన్‌పుట్‌లోనే పెట్టాలి.

ఒక్క పని మాత్రం చేయకండి. దయచేసి చేయకండి. హమ్ పోతుందని ప్లగ్గు ఎర్త్ పిన్ను విరగ్గొట్టకండి. హమ్ నిజంగానే పోతుంది, అందుకే ఈ అలవాటు ప్రాకింది. కానీ లోపల ఏదైనా చెడి ఇనప పెట్టెకి కరెంటు తగిలిన రోజు అది పోయే దారి ఉండదు. మైకు పట్టుకున్న మనిషి, గిటారు తీగ మీద చెయ్యి వేసిన మనిషి, వాళ్ళే ఆ దారి అవుతారు. ప్రాణం పోతుందండీ. ఆడియో తీగలో గ్రౌండుని విడదీయడానికి ట్రాన్స్‌ఫార్మరు ఉంది, మెయిన్స్ ఎర్త్ జోలికి పోవద్దు.

హమ్‌ని పుట్టకుండానే ఆపే దారి ఇంకోటి ఉంది, ఆప్టికల్. టాస్‌లింక్, 1983లో తోషిబా తెచ్చింది. తీగలో పోయేది వెలుతురు, కరెంటు కాదు, కాబట్టి గ్రౌండు చుట్టే ఉండదు. సాకెట్‌లో ఎర్రటి వెలుతురు కనిపిస్తే అది అవుట్‌పుట్, చీకటిగా ఉంటే ఇన్‌పుట్. కన్వర్టరు పెట్టెలు కొనేటప్పుడు దిక్కు చూసుకోండి. ఆప్టికల్ నుంచి అనలాగ్‌కి మార్చేది వేరు, అనలాగ్ నుంచి ఆప్టికల్‌కి మార్చేది వేరు, ఒకే పెట్టె రెండువైపులా పనిచేయదు. ఇంకా, కంప్యూటర్లో అవుట్‌పుట్‌ని పీసీఎం స్టీరియోలో, అంటే కుదించని మామూలు డిజిటల్ రూపంలో, ఉంచండి. డాల్బీ బిట్‌స్ట్రీమ్ (కుదించిన రూపం) పంపితే మామూలు చిన్న డాక్, అంటే డిజిటల్‌ని అనలాగ్‌గా మార్చే పెట్టె, దాన్ని విప్పలేదు, ఏమీ రాదు లేదా ఒట్టి గరగర వస్తుంది.

హెచ్‌డీఎంఐ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. టీవీ కలపగానే కంప్యూటరు తనంతట తనే శబ్దాన్ని టీవీకి మళ్ళిస్తుంది, తీయగానే వెనక్కి తెస్తుంది. శబ్దం రాకపోతే వైరు పీకకముందు సౌండ్ సెట్టింగ్స్‌లో ఏ అవుట్‌పుట్ ఎంచి ఉందో చూడండి. ఎక్కువసార్లు అదే.

యూఎస్‌బీ దగ్గర మళ్ళీ మన మొదటి మాటే. మ్యూజిక్ సిస్టమ్ ముందు యూఎస్‌బీ సాకెట్ ఉంది, కంప్యూటర్‌కీ యూఎస్‌బీ ఉంది, కలిపేద్దామా? వద్దు. ముందువైపు వెడల్పుగా, చదునుగా ఉన్న ఆ సాకెట్ పెన్‌డ్రైవ్ కోసం. అది 5 వోల్టులు ఇచ్చే పక్క, కంప్యూటరు కూడా 5 వోల్టులు ఇచ్చే పక్కే. రెండు చివరలా ఒకే పిన్ను ఉన్న వైరుతో కలిపితే రెండు సప్లైలు ఎదురెదురు పడతాయి, పాట ఎలాగూ రాదు. కంప్యూటరు నుంచి ఆడియో తీసుకునే పరికరానికి చదరంగా ఉండే బీ రకమో, సీ రకమో సాకెట్ ఉంటుంది. సీ నుంచి 3.5కి మార్చే చిన్న వైర్లలో కూడా రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో లోపల డాక్ చిప్పు ఉంటుంది, ఇంకోదాంట్లో ఒట్టి తీగలే. కంప్యూటర్లకి చాలావరకు చిప్పు ఉన్నదే కావాలి.

మంచి మైకు, గిటారు కలపాలంటే ఆడియో ఇంటర్‌ఫేసు, అంటే వాటి సిగ్నల్‌ని కంప్యూటర్‌కి అందించే బయటి పెట్టె, కావాలి. గిటారుని హై-జెడ్ అని గాని ఇన్‌స్ట్రుమెంట్ అని గాని రాసిన ఇన్‌పుట్‌లో పెట్టండి. దాని ఇంపెడెన్సు, అంటే సిగ్నలుకి అది చూపే అడ్డు, 1 మెగా ఓము దగ్గర ఉంటుంది. మామూలు లైన్ ఇన్‌పుట్ 10, 20 కిలో ఓములే. గిటారు పికప్‌కి ఆ బరువు ఎక్కువై పై స్వరాల మెరుపు పోతుంది, శబ్దం మొద్దుబారుతుంది. కండెన్సర్ మైకుకి 48 వోల్టుల ఫాంటమ్ పవరు (మైకు వైరులోంచే వెళ్ళే కరెంటు) ఇవ్వాలి. మైకు పెట్టాక, వాల్యూమ్ దించి, అప్పుడు స్విచ్చి నొక్కండి. పాత రిబ్బన్ మైకుకి మాత్రం ఇవ్వకండి.

పాడుతుంటే హెడ్‌ఫోన్‌లో తన గొంతు తనకే ఆలస్యంగా వినిపిస్తోందంటే అది బఫరు, అంటే కంప్యూటరు శబ్దాన్ని కాస్త పోగుచేసుకుని పంపే చోటు. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 256 శాంపిళ్ళ బఫరు అంటే 5.3 మిల్లీసెకన్లు. వెళ్ళేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి, పైన కన్వర్టర్ల ఆలస్యం. రికార్డు చేసేటప్పుడు 128కో 64కో దించండి, మిక్సింగు చేసేటప్పుడు 512, 1024కి పెంచండి. దించినప్పుడు టపటపమని చిట్లితే కంప్యూటరు అందుకోలేకపోతోందని అర్థం. విండోస్‌లో ఇంటర్‌ఫేసు తయారుచేసినవాళ్ళ ఏఎస్‌ఐఓ డ్రైవరు (ఆలస్యం తగ్గించే ప్రత్యేక సాఫ్ట్‌వేరు) వేసుకోకుండా ఈ ఆలస్యం అంతగా తగ్గదు. బ్లూటూత్ హెడ్‌ఫోనుతో అయితే అసలు రికార్డింగు పెట్టుకోవద్దు. దాని ఆలస్యం వంద మిల్లీసెకన్లు దాటడం మామూలే. పైగా దాని మైకు ఆన్ చేయగానే చాలా హెడ్‌ఫోన్లు ఫోన్‌కాల్ ప్రొఫైల్‌లోకి పోతాయి, స్టీరియో పోయి మోనో అవుతుంది, 8 లేదా 16 కిలోహెర్ట్జ్ శాంపిలింగే మిగులుతుంది. మీటింగులో పాట వినిపించబోతే డొక్కు ఫోన్లోంచి వచ్చినట్టుండేది అందుకే. మైకుగా ల్యాప్‌టాప్ సొంత మైకుని ఎంచుకోండి, హెడ్‌ఫోన్ మళ్ళీ స్టీరియోకి వస్తుంది.

ప్రశ్నలేమైనా ఉన్నాయా? ముందు అమ్మా, మీరు అడగండి. రికార్డు ప్లేయర్‌ని నేరుగా లైన్ ఇన్‌లో పెట్టి, తక్కువగా వచ్చిన శబ్దాన్ని కంప్యూటర్లో పెంచుకోవచ్చా అంటున్నారు. పెంచితే శబ్దం పెరుగుతుంది, కానీ బేసు ఉండదు, పైన గీరినట్టుంటుంది. రికార్డు కోసేటప్పుడే కింది స్వరాలు తగ్గించి పై స్వరాలు పెంచి కోస్తారు. వినేటప్పుడు దాన్ని తిరగేయాలి, 20 హెర్ట్జ్ దగ్గర దాదాపు 19 డెసిబెళ్ళు పెంచాలి, 20 కిలోహెర్ట్జ్ దగ్గర అంతకంటే కాస్త ఎక్కువే తగ్గించాలి. ఫోనో ప్రీయాంపు ఆ పనీ చేస్తుంది, 5 మిల్లీవోల్టుల్ని సుమారు వంద రెట్లూ చేస్తుంది. కొత్త ప్లేయర్లలో వెనక ఫోనో, లైన్ అని స్విచ్చి ఉంటే ప్రీయాంపు లోపలే ఉన్నట్టు, లైన్ వైపు నొక్కి నీలం సాకెట్‌లో పెట్టేయండి. లేనిదానికి బయట ప్రీయాంపు పెట్టండి, ప్లేయరు నుంచి వచ్చే సన్నటి గ్రౌండు తీగని దాని స్క్రూకి బిగించండి, లేకపోతే హమ్ వస్తుంది.

ఇంకో ప్రశ్న, టేప్ రికార్డర్‌కి లైన్ అవుట్ లేదు, హెడ్‌ఫోన్ సాకెట్ మాత్రమే ఉంది. అదే వాడండి. మొదట హెడ్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. వాల్యూమ్ సగం కంటే కాస్త కిందపెట్టి, బేసు ట్రెబుల్ మధ్యలో ఉంచి, స్టీరియో వైరుతో లైన్ ఇన్‌కి ఇవ్వండి. టేపులో అన్నిటికంటే గట్టిగా ఉన్న చోటు వెతికి వినిపించండి, రికార్డింగు మీటరు అక్కడ మైనస్ 12, మైనస్ 6 మధ్య ఆగేలా చూడండి. సున్నా తాకిందంటే ఆ ముక్క తిరిగి రాదు, మళ్ళీ మొదటి నుంచి ఎక్కించాలి. విండోస్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ ఆపేయండి, అవి మాటలు కానిదాన్ని రొద అనుకుని పాటని కూడా నరికేస్తాయి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ స్టీరియోలో గంటకి సుమారు 1.04 గిగాబైట్లు పడుతుంది, 60 నిమిషాల క్యాసెట్లు డజను ఉంటే 13 గిగాబైట్లు ఖాళీ ఉందో లేదో చూసుకుని ప్లే నొక్కండి.